జంట పోయిన ఎలుక

మా అమ్మాయి విశాఖలో హాస్టల్ మారుతూ, కొత్తచోట ఒప్పుకోరని రెండు తెల్ల ఎలుకల్ని పంజరంతో సహా తెచ్చి విజయనగరంలో మా వరండాలో పెట్టి వెళ్ళింది. రెండూ ఆడవే. మా ఆవిడది రాజాం దగ్గర వరి పండించే ఇల్లు. ఆమెకు తెలిసిన ఎలుక ధాన్యం బస్తాలు కొరికే ఎలుక. "ఉన్నవాటిని తోలలేక సస్తంటే మేపడానికి కూడానేటి?" అంటూనే రెండు పూటలా చోళ్ళు, అదే రాగులు, దోసకాయ ముక్కలు వేసేది.

ఒక ఉదయం చూస్తే ఒకటి చచ్చిపోయి ఉంది. రెండోది దాన్ని ఆనుకునే పడుకుంది.

చచ్చినదాన్ని పెరట్లో పాతిపెట్టి వచ్చేసరికి మా ఆవిడ పంజరం బోర్లించి, ఫినాయిల్ వేసి, బ్రష్‌తో రుద్దేస్తోంది. లోపల పరిచే పాతగుడ్డలు సబ్బునీళ్ళలో నానుతున్నాయి.

"సావు జరిగిన సోటు కడగరేటండీ?"

నాకూ సబబుగానే తోచింది. బకెట్‌తో నీళ్ళు అందించాను.

బతికున్నదాన్ని మళ్ళీ అందులో వదిలాక అది ఒకచోట నిలవలేదు. ముక్కెత్తి వాసన చూస్తూ నాలుగు మూలలూ తిరిగేది. రెండూ ముడుచుకుని పడుకునే మూలకు వచ్చి గోకేది. ఒక చుట్టు చుట్టి మళ్ళీ అక్కడే గోకేది. వేసిన చోళ్ళు వేసినట్టే ఉన్నాయి. మధ్యాహ్నానికి నాకు బోధపడింది. అది వెతుకుతున్నది వాసనని. ఆ వాసన మేమిద్దరం కలిసి కాలువలోకి పారబోశాం. సంగతి చెబితే మా ఆవిడ దండెం మీద ఆరుతున్న గుడ్డల వైపు చూసి లోపలికి వెళ్ళిపోయింది.

పేపరు ముందేసుకుని కూర్చున్నాను. పేపరులో పని చేసినన్నాళ్ళూ స్టేషను పక్కనున్న ఆఫీసులో రైళ్ళ మోత మధ్య వార్త రాసినవాణ్ణి, ఆ గోకుడు చప్పుడుకు ఒక్క వాక్యం చదవలేకపోయాను. లేచి వరండాలోకి, మళ్ళీ లోపలికి.

"దానితోపాటు మీరూ తిరుగుతన్నారేటి? కూకోండి!"

మర్నాడు కూడా ముట్టలేదు. వీపు గూనిలా వంగింది, బొచ్చు రేగింది. దానికి తోడు తెద్దామంటే మా ఊళ్ళో దొరకలేదు. రాజాంలో ధాన్యం వ్యాపారం చేసే మా బావమరిదికి ఫోన్ చేసి, అక్కడ పెంపుడు ఎలుకలు దొరుకుతాయా అని అడిగాను.

"మా గొడౌన్‌కి రా బావా, కావలిసినన్ని పట్టుకెళ్ళు. ఎదురు డబ్బులిస్తాను," అని పగలబడి నవ్వాడు. నవ్వడం అయ్యాక, చేపలూ లవ్‌బర్డ్స్ అమ్మే కొట్టు ఒకటుందని చెప్పాడు. బస్సెక్కి వెళ్ళి, ఒక ఆడ ఎలుకపిల్లను చెప్పుల డబ్బాలో పెట్టి తెచ్చాను. దారంతా మూత ఎత్తి చూస్తూనే ఉన్నాను.

ఒక్కసారిగా కలిపితే కొట్టుకుంటాయని కొట్టతను చెప్పాడు. ఆ పూటకు వేరువేరుగా ఉంచి, మర్నాడు రెండింటినీ ఖాళీ ఇత్తడి గంగాళంలో వదిలాం. మాది తిన్నగా వెళ్ళి కొత్తదాని మీదకెక్కింది. కొత్తది కీచుమంది. నేను చెయ్యి పెట్టబోయాను.

"ఆగండి, కొరకలేదింకా." మధ్యలో అడ్డుపెట్టడానికి ఆమె స్టీలు మూత పట్టుకుని వంగి నిలబడింది.

కొత్తది తప్పించుకుని ఓ పక్కకు పోయింది. అక్కడ మా ఆవిడ వేసిన వేరుశనగ పలుకు కనిపిస్తే, రెండు చేతులతో పట్టుకుని కొరకడం మొదలుపెట్టింది. మాది ఆగి చూసింది. దగ్గరికెళ్ళి ఆ పలుకు లాక్కుంది. అటు తిరిగి కూర్చుని మొత్తం తినేసింది.

"ఆకలి కాదు, కుళ్ళుబోతుతనం," అంది మా ఆవిడ. ఇంకో పలుకు వేసింది. దాన్నీ లాక్కుంది.

"ఆ కొత్తదానికి కూడా ఉంచమను," అన్నాను.

"దానికి నాను వేరే ఏస్తాను. మీరు మాటాడకండి, తిన్నీండి ముందు."