నా కూతురు పెట్టుకున్న నా వయసు

తిరువళ్ళూరు స్టేషన్ దగ్గర ఒక కళ్ళద్దాల అంగట్లో నేను పని చేస్తాను. ఇల్లు తిరుత్తణిలో. రోజూ కరెంటు బండిలో పోయి వచ్చేదే కాబట్టి, సాయంత్రం ప్లాట్‌ఫారం మీద ఎవరు యాడ నిలబడతారో నాకు బాగా తెలుసు. ఆడవాళ్ళ పెట్టె ఆగేచోట మేమంతా గుంపుగా నిలబడి మాట్లాడుకుంటా ఉంటాము. ఆ రోజు అంగట్లో ఆలస్యమై, నేనొక్కదాన్నే వెనక నుంచి గబగబా నడుచుకుంటా వస్తా ఉన్నాను.

"ఎన్నమ్మా, పాప ఇన్నుం అళుగిరాళా?"

పాప ఇంకా ఏడుస్తా ఉందా అని ఎవరో అరవంలో అడిగినారు. తిరిగి చూసినాను. ఇస్త్రీ చొక్కా, భుజానికి క్యారియర్ సంచి, నలభై దాటిన మనిషి. అద్దాలు చేయించుకోను అంగడికి వచ్చిన వాళ్ళలో ఎవరో అనుకుని, "ఏ పాపండీ?" అన్నాను. ఆయన నవ్వినాడు.

"మీ పాపే. బీ సెక్షన్లో వేసినారని చెప్పినారు కదా. ఇప్పుడన్నా ఎవరితో అయినా కలిసి తింటా ఉందా?"

 పాపను బీ సెక్షన్లో వేసిన సంగతి అంగట్లో కూడా ఎవరికీ చెప్పలేదు. బండిలో రోజూ పక్కన కూర్చునే అక్కకు కూడా చెప్పలేదు. మీరెవరు అని అడగబోయినాను. ఆయన నన్ను పైనుంచి కిందికి ఒకసారి చూసి, "ఫొటోలో కంటే సన్నంగా ఉన్నారే" అన్నాడు.

అంతలో బండి వచ్చింది. జనంలో దూరి ఎక్కేసినాను. తలుపు దగ్గర నుంచి చూస్తే ఆయన ఎక్కలేదు. కిటికీల వెంట నడుస్తా, నేను యాడున్నానో వెతుకుతా ఉన్నాడు. కనపడగానే చెయ్యి ఊపినాడు. అంటే ఆయనకు ఈ బండితో పని లేదు. నన్ను చూడడానికే వచ్చినాడు.

తిరుత్తణి వచ్చేదాకా నేను కూర్చోలేదు. అరక్కోణంలో ఎక్కినవాళ్ళ మొహాలు ఒక్కొక్కటీ చూసినాను. నాకు ఆయన ఎవరో తెలీదు. ఆయనకు నా బిడ్డ అన్నం ఎట్ల తింటాదో తెలుసు.

మా పాపకు తొమ్మిదేండ్లు. ఎల్‌కేజీ నుంచి మూడో తరగతి దాకా మా పక్కవీధి పాపతో ఒకే బెంచీలో కూర్చునింది. ఒకే వాటర్ బాటిల్, ఒకే జడపిన్నులు. నాలుగో తరగతికి వచ్చేసరికి పిల్లల్ని కలిపి మళ్ళీ రెండు భాగాలు చేసినారు. ఆ పాప ఏ సెక్షన్, మాది బీ. మార్కులు చూసి చేసింది కాదని స్కూల్లో చెప్పినారు. బయట అందరూ మాత్రం మార్కులే అనుకుంటా ఉన్నారు. బడి తెరిచిన మొదటివారం పాప ఏడ్చింది. తర్వాత ఏడుపు మానేసింది. సర్దుకునింది అనుకున్నాము.

ఇంటికి పోయేసరికి మా ఆయన మగ్గాల షెడ్డులో ఉన్నాడు. పవర్‌లూమ్ ఆడతా ఉంటే పక్కన పిడుగు పడినా వినపడదు. చెయ్యి పట్టుకుని బయటికి లాక్కొచ్చినాను.

"బావా, ఎవడో నాతో మాట్లాడినాడు. పాప సంగతంతా వానికి తెలుసు. నా ఫొటో చూసినాడంట."

"ఎవడే వాడు?"

"తెలీదు."

"తెలీకుండా నీ ఫొటో వానికి ఎట్ల వచ్చింది?"

ఆ అడగడంలో ఏమో ఉంది. పెళ్ళయినప్పటి నుంచి మా ఆయన నన్ను అట్ల చూసింది లేదు. ప్లాట్‌ఫారం మీద కలిగిన భయం ఒకటి, ఇప్పుడు ఇది ఇంకొకటి. నేనేమి చెప్పినా నమ్మడేమో అనిపించి ఏడుపొచ్చేసింది.

మా అత్త వాకిట్లో కూర్చుని చిక్కుడుకాయలు ఒలుస్తా ఉంది. మా గొడవ వినింది. "నీ పాత ఫోను నాకు ఇచ్చినావు కదా, టీవీ నాటకాలు చూసుకోమని" అనింది. "అది ఎప్పుడూ పాప చేతిలోనే ఉంటాది. దాంట్లో ఏమన్నా ఉందేమో చూడండి."

పాప లోపల పుల్ల ఐసు తింటా ఉంది. మేము ముగ్గురం ఒకేసారి గడప దాటి రావడం చూసి ఐసు కిందికి దించింది. కరిగి మోచేతి దాకా కారింది. తుడుచుకోలేదు.

"నేనే చేసినానమ్మా" అనింది, మేము అడగకముందే.

పక్కవీధి పాప వాళ్ళ అక్క అకౌంట్లో డాన్సు వీడియోలు పెడతా ఉందంట. వాటిని చూడాలని మా పాప కూడా ఒక అకౌంటు తెరవబోయింది. ఫోన్లో పుట్టిన సంవత్సరం అడిగింది. తనది పెడితే వయసు చాలదు అని చూపించింది.

"అందుకని నీది పెట్టినామ్మా. వెంటనే తీసుకునింది."

"మరి ఫొటో?"

"నీ వయసు పెట్టి నా ఫొటో పెడితే అబద్ధం అయిపోతాది కదా."

మా ఆయన నా మొహం చూసినాడు. ఆ చూపులో ఇందాకటిది లేదు. ఫోను తీసుకుని మంచం మీద కూర్చున్నాడు. ఆయనకు అరవం చదవను అంతగా రాదు. నేనే చదివి చెప్పినాను.

పక్కవీధి పాపకు మా పాప పంపించినవి కొన్ని ఉన్నాయి. వాటికి జవాబు లేదు. ఆ తర్వాత ఎవరో పెట్టిన పిల్లల చదువు వీడియో కింద, నేను రాసినట్టే రాసింది. 'నా కూతుర్ని బీ సెక్షన్లో వేసినారు. మధ్యాహ్నం ఒక్కటే కూర్చుని తింటాది. సగం అన్నం పారేస్తాది. ఇంట్లో చెప్పదు. తల్లిగా నాకు చాలా బాధగా ఉంది.'

దాని కింద ఈ మనిషి దండం పెట్టే బొమ్మ వేసినాడు. తర్వాత విడిగా రాయడం మొదలుపెట్టినాడు. మొదట అంతా పరామర్శే. బాధపడొద్దు సిస్టర్, నాకూ ఆ వయసు కూతురుంది అన్నాడు. పోను పోను ప్రశ్నలు మారినాయి. మీరు పనికి పోతారా? యాడ? ఏ బండికి వస్తారు? ఇంట్లో ఎవరుంటారు? పెద్దవాళ్ళు అడిగితే జవాబు చెప్పాలని నేర్పిన బిడ్డ కదా. అడిగినవన్నీ చెప్పింది. 'మా ఇంటాయన మగ్గాల కాడ ఉంటాడు. ఆ శబ్దానికి పిలిచినా వినపడదు.' 

ఇంకా కిందికి పోతే స్కూలు పేరు ఉంది. సాయంత్రం పాపను ఎవరు తీసుకొస్తారని ఆ మనిషి అడిగినాడు. 'అవ్వ వస్తాది. మోకాళ్ళ నొప్పి ఉన్న రోజు రాదు. పాప ఒక్కతే నడిచి వస్తాది.'

దాన్ని పైకి చదవలేకపోయినాను. ఫోను మా ఆయన చేతిలో పెట్టి, "స్కూలు పేరు చెప్పేసింది బావా" అని మాత్రం అన్నాను.

చివరిది ఆ మనిషి ముందురోజు రాసింది. 'రేపు సాయంత్రం స్టేషన్లో కలుస్తాను.' పాప 'సరే' అని రాసి, నవ్వే బొమ్మ పెట్టింది.

"ఎందుకు సరే అన్నావు?" అని అడిగితే, "వచ్చి నీతో కదామ్మా మాట్లాడేది. నాతో కాదు కదా" అనింది. దానికి నిజంగానే అర్థం కాలేదు. రాసేది తనైనా, అవతలివాడు కలిసేది వేరే మనిషిని అనుకునింది.

మా ఆయన అంతా చెరిపేద్దాం అన్నాడు. పోలీస్ స్టేషన్‌కి పోతే వీధిలో నాలుగు రకాలుగా అనుకుంటారు అన్నాడు. చెరిపేస్తే మన దగ్గర ఏమీ ఉండదు, వాని దగ్గర అంతా ఉంటాది అన్నాను.  మరుసటి రోజు ఆయన మగ్గం ఆపేసి నాతో మహిళా పోలీస్ స్టేషన్‌కి వచ్చినాడు.

అక్కడి ఇన్‌స్పెక్టరమ్మ మొత్తం నిదానంగా చదివింది. చదివి, "ఇదంతా రాసింది తొమ్మిదేండ్ల బిడ్డా?" అని అడిగింది. ఔనన్నాము. 

"పదమూడు నిండితేనే అని ఈ యాప్ వాళ్ళు రూలు పెట్టినారు. పదహారు చెయ్యాలని కూడా టీవీల్లో చెప్తా ఉన్నారు. ఎంతైనా పెట్టనీ, అడిగినప్పుడు అమ్మ వయసు చెప్పేస్తే ఎవరు చూడొచ్చినారు?" అనింది. "మనిషిని పట్టుకుంటాము. అంతవరకు పాపను ఒంటరిగా పంపొద్దు. మీరు కూడా ఆ బండికి పోవద్దు."

పట్టుకునేదాకా మేము బతికిన బతుకు చెప్పలేను. నేను లీవు పెట్టి ఇంట్లో ఉండిపోయినాను. పాపను గేటు దాకా దిగబెట్టి, లోపలికి పోయినాక కూడా ఎదురుగా టీ అంగడి పక్కన నిలబడేదాన్ని. క్యారియర్ సంచి వేసుకున్న మగవాళ్ళు ఎంతమంది ఉంటారో అప్పుడే తెలిసింది. ప్రతి ఒక్కడూ ఆ మనిషి మాదిరే కనపడతాడు. ఒకరోజు పాప వరుసలో కనపడలేదు. వాచ్‌మన్ ఆపుతా ఉంటే తోసుకుని లోపలికి పరిగెత్తినాను. నీళ్ళు పట్టుకుంటా ఉంది. నన్ను చూసి బెదిరిపోయింది.

హెడ్‌మిస్ట్రెస్ గదికి పోయి జరిగింది చెప్పినాను. పాపను అవ్వతో గానీ మాతో గానీ తప్ప పంపొద్దని ఆమె అప్పుడే వాచ్‌మన్‌ని పిలిచి చెప్పింది. సెక్షన్ మార్చమని కూడా అడిగినాను.

"ఒకరికి మారిస్తే రేపు అందరూ వచ్చి నిలబడతారమ్మా. కుదరదు" అనింది.

పాప టీచరమ్మను పిలిపించినారు. చిన్న వయసు పిల్ల. "చాలా మంచి పాపండీ. అల్లరే లేదు. నోరు తెరవదు" అని మెచ్చుకున్నట్టు చెప్పింది. చెప్పినాక ఆమెకే ఏదో తట్టినట్టుంది, తల దించుకునింది. "మధ్యాహ్నం నేను చూసుకుంటానండీ" అనింది.

తర్వాత ఒకరోజు పోలీస్ స్టేషన్ నుంచి పిలుపొచ్చింది. మేము పోయేసరికి ఆ మనిషి బెంచీ మీద కూర్చుని ఉన్నాడు. ఏదో కంపెనీలో సూపర్‌వైజరు. భార్య కూడా వచ్చి గోడవారగా నిలబడి ఉంది. ఆమె మొహం నేను సరిగ్గా చూడలేకపోయినాను.

"ఆమే అన్నీ చెప్పింది మేడమ్. నేను విచారించినాను, అంతే. తప్పుగా ఒక్క మాట రాయలేదు" అంటా ఉన్నాడు. అది నిజమే. తప్పు మాట ఒక్కటీ లేదు.

"నువ్వు ఇన్ని దినాలు మాట్లాడింది ఈమెతో కాదు. ఈమె కూతురితో. నాలుగో తరగతి" అనింది ఇన్‌స్పెక్టరమ్మ.

అతను నా వైపు తిరిగినాడు. "అయితే మీరు కాదా?" అన్నాడు. ఆ గొంతులో సిగ్గు లేదు. ఇచ్చిన వస్తువేదో లాక్కున్నట్టు ఒక ఉక్రోషం. అప్పటిదాకా ధైర్యంగా నిలబడి ఉన్న నేను మా ఆయన చొక్కా పట్టుకున్నాను. ఇన్‌స్పెక్టరమ్మ గట్టిగా అరిచింది. అతని ఫోను తీసి పెట్టుకునింది. మళ్ళీ రైల్వే స్టేషన్లో గానీ స్కూలు దగ్గర గానీ కనపడితే లోపల వేస్తానని అతని భార్య ముందరే చెప్పింది. అతను సరే సరే అని తల ఊపినాడు. ఆ తర్వాత కనపడలేదు.

అకౌంటు తీసేసినాము. పాత ఫోను మా ఆయన యాడ పెట్టినాడో అడగలేదు. మా అత్త నాటకాలు ఇప్పుడు టీవీలోనే చూస్తా ఉంది.

ఆ ఆదివారం పాపకు తలకు నూనె పెడతా ఉన్నాను. వీపు నా వైపు పెట్టి కూర్చుని, "అమ్మా, నేను రాసినవన్నీ చదివినావా?" అని అడిగింది.

"చదివినా."

"మొదట రాసింది కూడానా? అన్నం సంగతి?"

"అది కూడా."

 "అయితే సరే" అనింది. కోపం లేదు, భయం లేదు. చెప్పాల్సింది చెప్పేసినట్టుగా అనింది.  నా బాధగా పాప రాసినవన్నీ దాని బాధలే. వాటికి మొదట జవాబు చెప్పింది ఎవరో దారిన పోయేవాడు.

పాప బీ సెక్షన్లోనే చదువుతా ఉంది. కనకమ్మ సత్రం ఊరి నుంచి వ్యానులో వచ్చే ఒక పాప ఇప్పుడు పక్కన కూర్చుంటాదంట. ఒక్కోరోజు ఆ పాప గురించి చెప్తాది, ఒక్కోరోజు ఏమీ చెప్పదు. ఏమీ చెప్పని రోజు నేను వదలను, అడుగుతానే ఉంటాను. విసుక్కుంటాది.

నేను ఇప్పుడు ఆ బండి కంటే ముందు బండికి వచ్చేస్తా ఉన్నాను. అంగడాయన ఒప్పుకున్నాడు. మొన్న అద్దాలు తీసుకోను వచ్చిన ఒక పెద్దాయన, మర్యాదకే, "పాప బాగుందామ్మా?" అని అడిగినాడు. చేతిలోని అద్దాల పెట్టె జారి కింద పడింది. ఆయనే వంగి తీసి ఇచ్చినాడు. మీకు పాప ఉందని ఎట్ల తెలుసని అడగబోయి ఆగినాను. బల్ల మీద గాజు కింద పాప ఫొటో పెట్టింది నేనే. ఆయన పోయినాక దాన్ని తీసి సంచిలో పెట్టుకున్నాను.