లివర్ నల్లగా కనిపించిన స్కాన్

ఆ రోజు క్లాసులో లెక్క చెప్తాంటే ఎడమ చేతికి జాకెట్టు పట్టేసినట్టయింది. చూసుకుంటే భుజం నుంచి వేళ్ల దాకా వాపు. నేను ఆళ్లగడ్డలో లెక్కల టీచర్ని. రెండేళ్లుగా వారానికి మూడుసార్లు నంద్యాలకు పోయి డయాలసిస్ చేయించుకుంటున్నాను. సూదులు గుచ్చేందుకు రెండు రక్తనాళాలు కలిపి కుట్టిన ఫిస్టులా ఆ చేతికే ఉంది.

“అక్కా, ఇది పోతే ఇంక యాడ గుచ్చుతారు?” అంది చెల్లెలు సునీత. నా భయమూ అదే.

ఛాతీలో రక్తనాళం సన్నబడిందేమో చూడాలని నంద్యాల డాక్టరు సీటీ స్కాన్ రాశారు. నాళాలు స్కాన్‌లో కనపడేందుకు కాంట్రాస్ట్ మందు ఎక్కించగానే ఒళ్లంతా దద్దుర్లు, గొంతు పట్టేసింది. ఆపేశారు. ఎంఆర్‌ఐకి వాడే గాడోలినియం అనే మందు నా కిడ్నీలకు వద్దన్నారు. వాపు పెరుగుతానే ఉంది. కుదురుగా కూర్చోలేక, గంటకోసారి టేపుతో చెయ్యి కొలుచుకునేదాన్ని.

కర్నూలు పంపారు. అక్కడి డాక్టరమ్మ ఒక మందు సీసా చూపించి చెప్పింది: “ఇది ఐరన్ ఇంజెక్షనే. నానో పార్టికల్స్, కంటికి ఆననంత చిన్నవి. ఎంఆర్‌ఐలో నాళాలను చూపిస్తాయి. తర్వాత ఆ ఐరనే మీ రక్తానికి పనికొస్తుంది. స్కాన్ కోసం అందరికీ వాడం. దీనికీ రియాక్షన్ రావొచ్చు, పక్కనే ఉండి చూస్తాం.”

ఒప్పుకుని సంతకం చేశాను. బొట్టుబొట్టుగా ఎక్కుతున్నంతసేపూ గొంతు తడుముకుంటూనే ఉన్నాను. ఏమీ కాలేదు. ఎంఆర్‌ఐలో, కాలర్ బోన్ కింద నాళం సన్నబడినట్టు తేలింది. నాకు పడని కాంట్రాస్ట్ బదులు నాళంలోకి కార్బన్ డయాక్సైడ్ గ్యాస్ పంపి చూస్తూ, బెలూన్‌తో తెరిచారు. వారానికల్లా వాపు దిగింది. హిమోగ్లోబిన్ కూడా పెరిగింది.

ఆరు వారాలకు కడుపునొప్పి. నంద్యాలలో ఇంకో చోట ఎంఆర్‌ఐ తీశారు. రిపోర్టు చూసిన అక్కడి డాక్టరు ముఖం మారింది.

“లివర్ అంతా నల్లగా ఉందమ్మా. ఐరన్ పేరుకుపోయింది. రక్తం ఎన్నిసార్లు ఎక్కించుకున్నారు?”

“ఒక్కసారీ లేదు సార్.”

“మరి ఇదెట్లా వచ్చింది? లివర్‌లోంచి చిన్న ముక్క తీసి బయాప్సీ చేయాల.”

నాలుగు రోజులు నాకు అన్నం సహించలేదు. పాత ఫైలు తిరగేస్తున్న సునీతకు ఐరన్ ఇంజెక్షన్ కాగితం కనబడి, అనుమానమొచ్చి కర్నూలుకు ఫోన్ చేసింది.

“బయాప్సీ ఇప్పుడే వద్దు,” అంది డాక్టరమ్మ. “అది మనం ఎక్కించిన ఐరనే అయ్యుంటుంది. కొన్ని నెలలు లివర్‌లో ఉంటుంది. స్కాన్‌కు ముందు వాళ్లకు చెప్పలేదా?”

చెప్పలేదు. వాళ్లడగలేదు, నాకు తోచలేదు. ఆమె రాసి పంపిన కాగితం చూసి ఆ డాక్టరు బయాప్సీ ఆపారు. కడుపునొప్పి గ్యాస్ట్రిక్ మాత్రలతో తగ్గింది. నెలల తర్వాత తీసిన స్కాన్‌లో లివర్ మామూలుగా కనిపించింది.

ఇప్పుడు బడికి పోతున్నాను. ఫిస్టులా నిలిచింది. అయినా పొద్దున లేవగానే రెండు చేతులూ పక్కపక్కన పెట్టి చూసుకుంటాను. ఆ బెంగ పోలేదు.

మీకు ఏ కాంట్రాస్ట్ గానీ ఐరన్ ఇంజెక్షన్ గానీ ఎక్కించినా దాని పేరు, తేదీ, ఏమైనా పడకపోతే ఆ సంగతీ కాగితం మీద రాయించుకోండి. తర్వాతి స్కాన్‌కు పోయినప్పుడు, వాళ్లు అడిగేదాకా ఆగకుండా చేతిలో పెట్టండి.