నిండు బండి కొలత

2022 నవంబరులో నేను కెనడాలోని ఒంటారియోలో, కేంబ్రిడ్జ్ ఊళ్లో, ఒక టైర్ల షాపులో లీడ్ టెక్నీషియన్‌గా ఉన్నాను. మా వృత్తిలో మూడు మెట్లున్నాయి. అప్రెంటిస్ పని నేర్చుకుంటాడు. లైసెన్స్ ఉన్న టెక్నీషియన్ పని చేసి కాగితం మీద సంతకం పెడతాడు. లీడ్ అనేవాడు అందరి పనీ చూసి, తేడా వస్తే తిట్లు తింటాడు. ఆ మూడో మెట్టు మీద నేను పదకొండేళ్లు నిలబడ్డాను. అంతకుముందు విజయవాడలో బస్సు డిపో గ్యారేజీలో తొమ్మిదేళ్లు చేసివచ్చాను కాబట్టి, టైర్ల విషయంలో నాకు ఒకరు చెప్పేదేమిటన్న పొగరు కాస్త ఉండేది. అది ఆ శీతాకాలంలో దిగిపోయింది.

నవంబరు అంటే మాకు ఊపిరాడని నెల. ఊళ్లో అందరికీ ఒకేసారి మంచు గుర్తొచ్చి, వింటర్ టైర్లు వేయించుకోవడానికి ఎగబడతారు. ఆ ఏడాది మన విద్యార్థులు కూడా తండోపతండాలుగా వచ్చారు. షాపు ముందు వరస చూస్తే ఇది కేంబ్రిడ్జా, ఖమ్మమా అనిపించేది. నేను తెలుగువాణ్ణని తెలిశాక, పాత కార్లు కొన్న పిల్లలందరూ నన్నే వెతుక్కుంటూ వచ్చేవారు. విసుక్కునేవాణ్ణి కానీ, వాళ్లు రాని రోజున తోచేది కాదు.

స్రవంతి అలాగే వచ్చింది. వరంగల్ పిల్ల, ఇరవై ఆరేళ్లుంటాయి. ఇక్కడ కాలేజీలో వృద్ధుల సంరక్షణ కోర్సు పూర్తిచేసి, ఇళ్లకు వెళ్లి ముసలివాళ్లను చూసుకునే ఉద్యోగం తెచ్చుకుంది. ఆమె బండి పన్నెండేళ్ల పాతది. జీపు వాటంగా ఎత్తుగా ఉండే ఫోర్‌వీల్ డ్రైవ్. వస్తూనే, "అంకుల్, దీనికి ముప్పై మూడు ఇంచుల టైర్లు వెయ్యాలె" అంది.

"ఎందుకమ్మా, యుద్ధానికి పోతున్నావా?" అన్నాను.

ఆమె నవ్వలేదు. సంగతి చెప్పింది. ఆమెకు ఇచ్చిన రూటు ఊరి బయట పొలాల మధ్య ఇళ్లు. కంకర రోడ్లు, మంచు తీసే బండి అక్కడికి చేరేసరికి మధ్యాహ్నం అవుతుంది. ట్రైనింగ్ వారంలో, వాకర్ పట్టుకుని నడిచే ఒక పెద్దాయన ఇంటి దారిలో బండి మంచులో కూరుకుపోయింది. ఆమె దిగి, మిగతా దూరం నడిచి వెళ్లేసరికి నలభై నిమిషాలు ఆలస్యమైంది. ఆయన పొద్దుటి మందులు వేసుకోకుండా అలాగే కూర్చుని ఉన్నాడట. ఇంకోసారి ఇలా జరిగితే రూటు వేరేవాళ్లకు ఇచ్చేస్తామని ఆఫీసులో చెప్పారు. పైగా బండి ఆ రోడ్లకు పనికొస్తుందని లైసెన్స్ ఉన్న షాపు నుంచి ఉత్తరం తెమ్మన్నారు. డ్యూటీ మొదలయ్యేది వచ్చే సోమవారం. ఈ ఉద్యోగం నిలబడితేనే పర్మనెంట్ రెసిడెన్సీకి అప్లై చేయడానికి కావలసిన ఎక్స్‌పీరియన్స్ వస్తుంది. అదీ ఆమె గొడవ.

పెద్ద టైరు వేస్తే బండి ఎక్కడైనా పోతుందనే భ్రమ అందరికీ ఉంటుంది. రోజూ నడిపే బండికి అది అంత సులువు కాదు. టైరు పక్కన 225/75R16 అని ఉంటుంది. మొదటిది మిల్లీమీటర్లలో వెడల్పు. రెండోది ఆ వెడల్పులో పక్కగోడ ఎత్తు ఎంత శాతమో చెబుతుంది. చివరిది రిమ్ము కొలత, అంగుళాల్లో. ఆమె బండికి కంపెనీ ఇచ్చిన సైజు అదే, ఎత్తు లెక్కేస్తే ఇరవై తొమ్మిది అంగుళాల చిల్లర. దాని స్థానంలో ముప్పై మూడు వేస్తే స్పీడోమీటరు అబద్ధాలు మొదలెడుతుంది. ముల్లు వంద చూపిస్తుంటే బండి నూటపన్నెండు మీద పోతుంటుంది. పోలీసు ఆపితే ముల్లు మీద నేరం మోపలేం. చక్రం బరువెక్కుతుంది కాబట్టి బ్రేకు వేస్తే బండి ఆలస్యంగా ఆగుతుంది, ఇంజను ఈడ్చుకుంటూ నడుస్తుంది. అన్నిటికంటే ముఖ్యం, రోడ్డు మీద పడ్డ మంచులో మరీ వెడల్పు టైరు పైపైన తేలుతుంది. కాస్త సన్నటిది మంచును కోసుకుని కింద నేలను పట్టుకుంటుంది.

ఇదంతా చెప్పి, 245/75R16 వేయించుకోమన్నాను. ముప్పై అంగుళాలన్నర ఎత్తు. ముల్లు తేడా వందకు నాలుగు. కంకరకూ మంచుకూ రెండింటికీ పనికొచ్చే రకం, టైరు పక్కగోడ మీద కొండ బొమ్మలో మంచుపువ్వు గుర్తు ఉన్నది చూసి తీశాను. ఆ గుర్తు లేకపోతే ఎంత మొరటుగా కనిపించినా అది వింటర్ టైరు కింద లెక్కకు రాదు. స్టెప్నీ కూడా అదే సైజు ఉండాలన్నాను. ఫోర్‌వీల్ డ్రైవ్‌లో ఒక చక్రం తేడాగా తిరిగితే లోపలి గేర్లు అరిగిపోతాయి. స్రవంతి కాసేపు బేరమాడి, చివరికి, "మీ ఇష్టం అంకుల్, నేను మాత్రం ఇరుక్కోవద్దు" అంది.

సైజు పెంచినప్పుడు చేయాల్సిన పరీక్ష ఒకటుంది. స్టీరింగ్ రెండువైపులా చివరిదాకా తిప్పి చూస్తాం. తర్వాత ఒక్కో చక్రాన్నీ దిమ్మ మీదికి ఎక్కించి, స్ప్రింగు నొక్కుకున్నప్పుడు టైరుకూ పైనున్న రేకుకూ మధ్య సందెంతో చూస్తాం. నా లెక్క రెండు వేళ్లు. నాలుగు చక్రాల దగ్గరా రెండు వేళ్లు దూరాయి. మంగళవారం సాయంత్రం షాపు లెటర్‌హెడ్ మీద ఉత్తరం రాసి సంతకం పెట్టి ఇచ్చాను. ఆ పిల్ల నాలుగుసార్లు థాంక్స్ చెప్పి వెళ్లింది.

గురువారం మళ్లీ వచ్చింది. "అంకుల్, వెనక నుంచి గరగరమని సౌండ్ వస్తుంది. పొద్దున పోయేటప్పుడే. తిరిగి వచ్చేటప్పుడు ఏం ఉండదు" అంది.

నేను నడిపి చూశాను. సౌండూ లేదు, పాడూ లేదు. పొద్దుటి చలికి రబ్బరు బిగుసుకుని ఉంటుందనీ, చక్రం గూట్లో మంచు గడ్డకట్టి రాసుకుంటుందనీ చెప్పి పంపేశాను. షాపు యజమాని డేవ్ కూడా, కొత్త టైర్లకు కొన్నాళ్లు శబ్దం మామూలేనని తీర్మానించాడు. కానీ నాకు మనసులో పీకుతూనే ఉంది. ఆ ఉత్తరం కింద ఉన్నది డేవ్ సంతకం కాదు, నాది.

శుక్రవారం ఏడున్నరకే రమ్మన్నాను. చలి ఎముకలు కొరికేస్తోంది. ఆమెను పక్కన కూర్చోబెట్టుకుని గతుకుల రోడ్డు వెతికి మరీ నడిపాను. ఏమీ వినిపించలేదు. "ఒట్టు అంకుల్, రోజూ వస్తుంది" అని ఆ పిల్ల ఏడుపు మొహం పెట్టింది. వెనక్కి తెచ్చి తలుపు తీస్తే, వెనక సీటు కింద ఒక స్టీలు క్యారియర్ కనిపించింది. ఇదెవరిదమ్మా అన్నాను.

"అయ్యో, మౌనిక మర్చిపోయింది! లంచ్‌కి ఏం తింటదో ఏమో" అంది.

మౌనిక ఎవరని అడిగితే అప్పుడు బయటపడింది. స్రవంతితో ఇంట్లో ఉండే మరో నలుగురు ఆడపిల్లలు ఊరి చివర ఒక గోడౌన్‌లో పార్ట్‌టైమ్ చేస్తున్నారు. పొద్దుటి షిఫ్ట్‌కు అక్కడికి బస్సు లేదు. స్రవంతే ఆరింటికి అందరినీ ఎక్కించుకుని దింపి వస్తుంది, సోమవారం నుంచి అటునుంచే తన పనికి పోవాలి. సాయంత్రం వాళ్లు బస్సులో వస్తారు. అంటే శబ్దం వచ్చేది నిండు బండిలో. నేను రెండుసార్లూ ఖాళీ బండి నడిపి, చలి మీద నెట్టేశాను.

నాకు నిజంగా సిగ్గేసింది. డిపోలో మేం ఖాళీ బస్సుకు ఏనాడూ సందు కొలవలేదు. ఇసుక బస్తాలు నింపి, అప్పుడు కొలిచేవాళ్లం. మన బస్సు ఖాళీగా తిరగదని అక్కడ గేటు కాపలావాడికి కూడా తెలుసు. అలాంటి చోట చెయ్యి తిరిగినవాణ్ణి నేను. ముందే చెప్పొద్దా అని స్రవంతిని కసిరాను.

"మీరు ఏ రోడ్డు మీద పోతావన్నారు, ఎన్ని కిలోమీటర్లన్నారు. ఎంతమంది ఎక్కుతారని అడగలేదు కదా అంకుల్" అంది.

శనివారం అందరినీ ఎక్కించుకుని రమ్మన్నాను. సరుకులు కొనుక్కుని అటునుంచి అటే వచ్చారు. ఐదుగురు పిల్లలు, ఇరవై పౌన్ల బియ్యం బస్తాలు ఐదు, రెండు ఒళ్లో, మూడు వెనకాల. బండి లోపలికి రాగానే మౌనిక తలుపు తీయబోయింది. "దిగారో, ఊరుకోను! కూర్చోండి" అని అరిచాను. కాఫీ తాగుతున్న కస్టమర్లు ఇటు తిరిగారు. డేవ్ ఆఫీసు గదిలోంచి వచ్చి చేతులు కట్టుకుని నిలబడ్డాడు. వెనక ఎడమ చక్రాన్ని దిమ్మ ఎక్కించి చెయ్యి పెట్టాను. వేళ్లు కాదు కదా, కాగితం కూడా దూరలేదు. టైరు పక్కగోడ మీద రేకు అంచు ఒరుసుకుని నున్నటి గీత పడి ఉంది. ఇంకో నెల అలాగే తిరిగితే అది కోసుకుపోయేది. ఏ కంకర రోడ్డు మీదో, ఐదుగురూ లోపల ఉండగా పేలేది.

స్రవంతిని పక్కకు పిలిచి, ఉత్తరం వెనక్కి ఇవ్వమన్నాను. ఆమె మొహం వాడిపోయింది. "సోమవారం ఎట్ల అంకుల్?" అని మాత్రం అంది. పాత సైజు వేస్తే మళ్లీ మంచులో దిగబడుతుంది. ఎవరినీ ఎక్కించుకోవద్దంటే నలుగురి పనులు పోతాయి. ఆ రెండు మాటలూ నోటిదాకా వచ్చాయి కానీ అనబుద్ధి కాలేదు.

పిల్లల్ని దింపి, వెనక ఎత్తు టేపు పెట్టి కొలిచి, కంపెనీ పుస్తకంతో పోల్చాను. అంగుళానికి పైగా తక్కువుంది. పన్నెండేళ్ల బరువుకు వెనక స్ప్రింగులు కుంగిపోయి ఉన్నాయి. అంటే తప్పు టైరు సైజుది కాదు, దాన్ని మోసే స్ప్రింగుది, దాన్ని చూడని నాది. డేవ్‌కు అదే చెప్పాను. ఇరవై ఏళ్లలో టైర్ల పరీక్షకు ఐదుగురినీ బియ్యాన్నీ తెచ్చినవాళ్లు లేరని నవ్వాడు. తప్పు షాపుది కాబట్టి పనీ షాపుదేనన్నాడు. బరువు బండ్లకు కంపెనీ ఇచ్చే గట్టి రకం స్ప్రింగులు హామిల్టన్‌లో ఒకచోట ఉన్నాయని ఫోన్‌లో తెలిస్తే, వాళ్లు మూసేలోపు తానే వెళ్లి తెచ్చాడు.

మూడింటికి స్ప్రింగులు బిగించి, గీత పడ్డ టైరు మార్చడం అయింది. మళ్లీ అందరినీ కూర్చోబెట్టాను, బస్తాలతో సహా. డ్రైవర్ తలుపు అంచున, ఈ బండి మొత్తం ఎంత బరువు మోయవచ్చో చెప్పే స్టిక్కర్ ఉంటుంది. ఈ బరువు ఆ హద్దు లోపలే ఉందని చూసుకున్నాను. దిమ్మ ఎక్కించి చెయ్యి పెడితే రెండు వేళ్లు దర్జాగా దూరాయి. లోపల నుంచి ఐదుగురూ ఒకేసారి, "ఓకేనా అంకుల్?" అని అరిచారు. ఓకే అని నేనూ అరిచాను. పాత ఉత్తరం చించి కొత్తది రాశాను. ఐదుగురు మనుషులు, వంద పౌన్ల సామానుతో కొలిచామని అందులో స్పష్టంగా పెట్టాను.

సోమవారం తెల్లారేసరికి మోకాలి దాకా మంచు. పదింటికి స్రవంతి ఫోన్ చేసింది. నలుగురినీ దింపి, ఆ పెద్దాయన ఇంటికి పది నిమిషాలు ముందే చేరిందట. ఆయన మందులు వేసుకుని టిఫిన్ చేస్తున్నాడని చెప్పింది. ఆ రోజంతా నేను ఎవర్నీ విసుక్కోలేదు.

ఆ వారమే మా షాపు ఫారంలో, ఏ సైజు కావాలన్న గడి కంటే పైన, "రోజూ ఎంతమంది ఎక్కుతారు?" అనే గడి చేర్పించాను. నేను రిటైరయ్యేదాకా ఆ గడి నింపకుండా ఏ బండీ లోపలికి రానివ్వలేదు. బండికి టైరు ఎంచేటప్పుడు అది తిరిగే దారి ఒక్కటే అడిగితే చాలదు, మోసే మనుషుల్నీ అడగాలి. ఇది నాకు తెలియని విద్య కాదు. కెనడా వచ్చాక పదిహేనేళ్లకు పైగా నేను ఒక్కణ్ణే కారెక్కి పనికి పోయి, ఒక్కణ్ణే తిరిగొచ్చాను. కారంటే ఒక మనిషి అని ఎప్పుడు లెక్క కట్టడం మొదలెట్టానో నాకే తెలియలేదు.