శత్రువుల దగ్గర పరపతి

నరసరావుపేటలో చిలకలూరిపేట బస్సెక్కాను. నా పక్కన కిటికీ దగ్గర పాతికేళ్ళ అమ్మాయి ఒకామె ఫోన్లోకి చూస్తూ కూర్చుని ఉంది. ఉన్నట్టుండి ఆ ఫోను నా వైపు తిప్పింది.

“అక్కా, ఈ గీత పెరిగిందా, తగ్గిందా? ఒక్కసారి చూసి చెప్పండి.”

“పెరిగింది,” అన్నాను. ఆమె ముఖం పాలిపోయింది.

అది కంప్యూటర్లో స్నేహితులంతా జట్టు కట్టి ఆడే ఆటలోదట. జట్టులో ఎవరికి ఏ వర్గం దగ్గర ఎంత పరపతి ఉందో, పాత రోజులతో సహా గీతలుగా ఫోన్లో చూపించే, ఆటకు అదనంగా తగిలించుకునే యాడ్-ఆన్‌ని ఆమె ఆ ఉదయమే పెట్టుకుంది. ఆమధ్య ఆటలో శత్రు వర్గం వీళ్ళ కోటను కూల్చేసింది. లోపలి నుంచి తలుపు తీసిందెవరో ఎవరికీ తెలియలేదు. ఆ రోజు ఈమెతో పాటు ఏడ్చిన స్నేహితురాలిదే ఆ గీత. సరిగ్గా ఆ రోజే, శత్రువుల దగ్గర ఆ పిల్ల పరపతి అమాంతం పెరిగింది.

అంతలో ఆ స్నేహితురాలే ఫోన్ చేసింది.

“ఏమే, యాడిదాకా వచ్చావ్? నీకోసం వండి పెట్టా,” అనడం నాకూ వినిపించింది.

“బస్సు దొరకలేదే. ఇయ్యాల రాలేను,” అని ఈమె పెట్టేసింది.

“ఆటే గదమ్మా,” అన్నాను.

“ఆటేనక్కా. కోట పోతే పోయింది. మరి అది నాతో పాటు ఎందుకేడ్చిందంటారు?”

తర్వాతి స్టాపులో ఆమె దిగి, రోడ్డు దాటి, వెనక్కి వెళ్ళే బస్సు కోసం నిలబడింది.

ఇప్పటికీ ఎవరైనా నాతో పాటు కన్నీళ్ళు పెట్టుకుంటే, ఒక్క క్షణం వాళ్ళ ముఖంలోకి చూస్తాను.