సగం షట్టర్

బంద్ రోజున దుకాణం ఎలా నడపాలో దిల్‌సుఖ్‌నగర్ నుంచి ఎల్బీనగర్ దాకా ప్రతి వ్యాపారికీ తెలుసు. షట్టర్‌ను నడుము ఎత్తుకు దించాలి. లైటు వేయకూడదు. గిరాకీ వస్తే వంగి లోపలికి దూరతాడు, కావలసింది తీసుకొని వంగే బయటికి వస్తాడు. మలుపులో నినాదాలు వినబడగానే షట్టర్‌ను కాలితో ఒక్క తొక్కు తొక్కితే చాలు, దుకాణం బంద్‌లో పాల్గొన్నట్టే. ఊరేగింపు దాటిపోయాక మళ్లీ నడుము దాకా లేపుతారు. దీన్నే సగం షట్టర్ అంటారు. తెలంగాణ ఉద్యమం సాగినన్నాళ్లూ ఆ రోడ్డు మీద బోలెడంత వ్యాపారం ఇలా వంగి వంగే జరిగింది.

అంతయ్యకు మాత్రం ఈ విద్య అబ్బలేదు. అబ్బక కాదు, నచ్చక. "మూస్తె మూయాలె, తెరిస్తె తెరవాలె. గీ సగం సగం ఏంది?" అనేవాడు. ఆ ఒక్క మాట మీద నిలబడ్డందుకు ఆ మనిషికి ఏం జరిగిందో చెబుతాను. వింటే మీకూ ఒళ్లు మండుతుంది. మండాలి కూడా.

అంతయ్యది నల్లగొండ జిల్లాలో మోత్కూరు దగ్గరి పల్లె. పెళ్లయిన కొత్తలోనే భార్య సుమిత్రమ్మను తీసుకొని పట్నం వచ్చాడు. మొదట్లో బస్ డిపో గోడ పక్కన గోనెపట్టా పరుచుకొని కండక్టర్ల తోలు సంచులు కుట్టేవాడు. చిల్లర బరువుకు ఆ సంచుల పట్టీలు ఒకేచోట తెగుతుండేవి. అంతయ్య కుట్టిన పట్టీ మాత్రం మళ్లీ అక్కడ తెగేది కాదు. ఆ కండక్టర్లే ఒకరికొకరు చెప్పుకొని, కొత్తపేట దగ్గర పంచాయతీ కాంప్లెక్సులో ఒక దుకాణం ఖాళీ అయిందని తెలిసి, ఆయన చేత దరఖాస్తు పెట్టించారు. పంతొమ్మిదో నంబరు దుకాణం అలా ఆయనకు వచ్చింది. ఇరవై రెండేళ్లు అందులోనే కూర్చున్నాడు.

పంచాయతీ పోయి మునిసిపాలిటీ వచ్చింది. ఆ తరువాత అదీ మహానగరంలో కలిసిపోయింది. అయినా జనం నోట అది పంచాయతీ కాంప్లెక్సే. నలభై రెండు దుకాణాలు, పెచ్చులూడిన పైకప్పు, ఎప్పుడూ తడిగా ఉండే మెట్లు. అంతయ్య దుకాణం వెడల్పు మనిషి రెండు చేతులు చాపితే సరిపోయేంత. అందులో కాలితో తొక్కే మిషను, గోడకు వేలాడే జిప్పుల చుట్టలు, ఓ మేకుకు మైనం ముక్క. చైతన్యపురి హాస్టళ్లలో ఉండి కోచింగ్ తీసుకునే పిల్లలు పుస్తకాలు కుక్కి కుక్కి బ్యాగుల జిప్పులు పాడుచేసుకొని వచ్చేవాళ్లు. జిప్పు మార్చాలంటే మార్చేవాడు. మైనం రాస్తే జారిపోయే జిప్పయితే రాసి చేతిలో పెట్టి, "నడుస్తది, పో బిడ్డా" అని పంపేవాడు. వాళ్లలో చాలామంది నల్లగొండ, మహబూబ్‌నగర్ పల్లెల పిల్లలు. ఉద్యమం ఊపందుకున్నాక ఆ పిల్లలే బ్యాగులు పక్కన పడేసి రోడ్డెక్కారు. వాళ్ల బ్యానర్లకు అంచులు కుట్టి ఇచ్చింది అంతయ్యే.

కాంప్లెక్సు వ్యాపారుల సంఘానికి అధ్యక్షుడు గోపయ్య. ఏడో నంబరులో కూల్‌డ్రింకులు, సెల్‌ఫోన్ రీచార్జులు ఆయన వ్యాపారం. ఆయనదీ నల్లగొండే. ఊరేగింపులో అందరికన్నా ముందు నడిచేవాడు, అందరికన్నా గట్టిగా అరిచేవాడు. ఆయన రోడ్డు మీద గొంతు చించుకుంటుంటే, సగం షట్టర్ కింద ఆయన భార్య చల్లని సీసాలు అమ్ముతుండేది. నినాదాలిచ్చి గొంతు ఎండినవాళ్లే వాటిని కొనుక్కొని తాగేవాళ్లు. గోపయ్యకు ఉద్యమం రెండు విధాలా కలిసొచ్చిందని చెప్పాలి.

అంతయ్య పక్క దుకాణం మల్లికార్జునరావుది. పెన్నులు, నోటుపుస్తకాలు అమ్మేవాడు. గుంటూరు వైపు నుంచి వచ్చి స్థిరపడ్డ మనిషి. ఆయనదీ సగం షట్టరే, కాకపోతే భయంతో. పూర్తిగా తెరిస్తే అద్దాలు పగులుతాయేమోనని, పూర్తిగా మూస్తే ఇల్లు గడవదని. "మీది గాదు గద రావుసాబ్ గీ లొల్లి, నువ్వు ఎట్లన్న జేసుకో" అని అంతయ్య ఒకసారి అనేశాడు. ఆ మాట రావుకు చాలా రోజులు గుచ్చుకుంది.

2011 వానాకాలం మొదట్లో రెండు రోజుల బంద్ వచ్చింది. అంతయ్య ఎప్పటిలాగే షట్టర్ నేలకు దించి, తాళం వేసి, ఊరేగింపులోకి వెళ్లాడు. సరిగ్గా ఆ రోజే కాంప్లెక్సుకు సర్వేవాళ్లు వచ్చారు.

ఎందుకొచ్చారంటే, ఆ పాత కట్టడాన్ని కూల్చి, ఆ సర్కారు జాగాలో ఐదంతస్తుల మాల్ కట్టాలని పైన నిర్ణయం జరిగింది. ఇప్పుడున్న దుకాణదారులకు కొత్త మాల్‌లో కింది అంతస్తు ఇస్తామన్నారు. ఎవరు నిజంగా దుకాణం నడుపుతున్నారో తేల్చే పని ఓ ప్రైవేటు ఏజెన్సీకి అప్పజెప్పారు. బంద్ రోజున రోడ్లు ఖాళీగా ఉంటాయి, పని త్వరగా తెములుతుందని ఆ మహానుభావులు ఆ రోజునే ఎంచుకున్నారు. ఆ తెలివికి దండం పెట్టాలి. మెడలో కార్డులు వేలాడేసుకొని వరసగా నడుచుకుంటూ పోయారు. సగం లేచిన షట్టర్ కనబడితే జాబితాలో 'తెరిచి ఉంది' అని రాశారు. తాళం కనబడ్డచోట 'మూసి ఉంది, వాడుకలో లేదు' అని రాశారు. నలభై రెండు దుకాణాల్లో ఆ రోజు తాళం వేసి ఉన్నది ఒక్కటే.

ఆ సంగతి అంతయ్యకు ఆర్నెల్ల తరువాత, మునిసిపల్ ఆఫీసు గోడకు జాబితా అంటించినప్పుడు తెలిసింది. పంతొమ్మిదో నంబరు పక్కన ఆయన పేరు లేదు. 'రద్దు' అని ఉంది. ఇరవై రెండేళ్లు ఆ మిషను తొక్కిన మనిషి, గోడ ముందు నిలబడి ఆ రెండక్షరాలనూ వేలితో తడిమి చూశాడట. నాకు ఈ మాట మల్లికార్జునరావే చెప్పాడు. ఆయనే అంతయ్యను వెంటబెట్టుకొని లోపల అధికారి దగ్గరికి తీసుకెళ్లాడు.

అధికారి పేరు ఇందిరాదేవి. కసురుకునే మనిషి కాదు. కుర్చీ చూపించింది, ఫైలు తెప్పించింది, అంతా విన్నది.

"ఆ రోజు బంద్ అండీ మేడంగారూ. ఈయన దుకాణం రోజూ తెరిచే ఉంటుంది. పక్క షాపు వాణ్ణి, నేను రాసిస్తాను" అన్నాడు మల్లికార్జునరావు.

"మీ సాక్ష్యం చెల్లదండీ. రూల్లో ఒక్కటే దారి ఉంది" అని ఆమె అంతయ్య వైపు తిరిగింది. "చూడు పెద్దాయనా, నీ మంచికే చెప్తున్నా. నీ ఇష్టంతో మూశానంటే నీ హక్కు పోతుంది. ఎవరో బెదిరించి మూయించారంటే లెక్క వేరు. ఉద్యమం వాళ్లు వచ్చి కొడతామంటే భయపడి మూశానని ఒక అర్జీ రాయి. ఇద్దరు ముగ్గురి పేర్లు రాస్తే చాలు. నీ దగ్గరికి హాస్టల్ పిల్లలు వస్తారు కదా, తెలిసిన పేర్లే రాయి. వారంలో నీ పేరు ఎక్కిస్తా."

అంతయ్యకు మొదట అర్థం కాలేదు. అర్థమయ్యాక కుర్చీ బల్ల దగ్గరికి లాక్కున్నాడు.

"నన్నెవడు బెదిరించిండు మేడం? నా దుకాణం, నా తాళం, నేనే ఏసిన."

"అది నాకూ తెలుసు. కాగితం కోసం అంటున్నా."

"కాగితం మీద పేరు రాస్తె ఆ పోరగాండ్ల మీద కేసు గాదా?"

ఆమె ఫైలులో పేజీ తిప్పింది. అప్పటికే ఆ పిల్లల్లో కొందరి మీద కేసులున్నాయి. ఇంకొకటి పడితే ఉద్యోగం ఆశ వదులుకోవాల్సిందే. అంతయ్య తెల్ల కాగితం అడిగి తీసుకున్నాడు. ఏడో తరగతి దాకా చదివినవాడు, ఒత్తి ఒత్తి రాశాడు: 'నన్ను ఎవరు బెదిరియ్యలేదు. తెలంగాణ కోసం నేనే మూసిన.' కింద సంతకం పెట్టి, ఆమె ముందుంచి లేచి వచ్చేశాడు. ఆ కాగితంతోనే ఆయన హక్కు పూర్తిగా పోయింది. స్వయంగా ఒప్పుకున్నాడని ఫైలులో రాసుకున్నారు.

ఇంట్లో సుమిత్రమ్మ అగ్గి మీద గుగ్గిలమైంది. "ఒక్క ముక్క రాస్తె నీ సొమ్మేం బోతుండె? ఊరంత సగం సగం మూసి బాగుపడ్డరు. నువ్వొక్కనివే సత్యమంతునివైతివి! ఇగ నన్నేడ కూసోమంటవ్, రోడ్డు మీదనా?"

"పేర్లు రాయమన్నరు."

"ఎవరి పేర్లు?"

"మన తాన బ్యాగులు కుట్టిచ్చుకునే పోరగాండ్లయి."

సుమిత్రమ్మ లేచి అన్నం వడ్డించింది. కంచం ముందు పెట్టి, "రాయకుంట మంచిగ జేస్తివి. తిను" అన్నది. అని, వంటింట్లోకి పోయి ఏడ్చింది. భర్త చేసింది తప్పు కాదని తెలిసి మరీ ఏడ్చింది, అందుకే ఆ ఏడుపు తొందరగా ఆగలేదు.

తరువాత అంతయ్య తిరగని గడప లేదు. గోపయ్య దగ్గరికీ పోయాడు. సంఘం తరఫున ఒక్క ఉత్తరం ఇమ్మన్నాడు. "అన్నా, తెలంగాణ రానీ. మన సర్కారొస్తె నీ దుకాణం నీకే. గప్పటిదాంక జర ఓపిక పట్టు" అని గోపయ్య భుజం తట్టి పంపాడు. భుజం తట్టడానికి ఖర్చేముంది?

2013 మొదట్లో కాంప్లెక్సును కూల్చారు. మిగతావాళ్లకు రోడ్డు అవతల రేకుల షెడ్లు వేసిచ్చారు. జాబితాలో లేని అంతయ్య, మెట్రో పని కోసం తవ్విన గుంత పక్కన ఫుట్‌పాత్ మీద మిషను పెట్టుకున్నాడు. దుమ్ము పడి మిషను పట్టేసేది. వారానికోసారి మునిసిపల్ సిబ్బంది వచ్చి లేపేసేవాళ్లు. వాన వస్తే మిషను మీద ప్లాస్టిక్ కప్పి తాను తడిసేవాడు. మల్లికార్జునరావు తన షెడ్డులో సగం ఇస్తానన్నాడు. ఇచ్చాడు కూడా. కానీ ఒకరి షెడ్డులో ఇంకొకరు ఉంటే ఇద్దరి హక్కూ పోతుందని నోటీసు వచ్చింది. అంతయ్యే మిషను బయటికి మోసుకొచ్చాడు. ఆ రోజు ఆయన రావుతో, "అప్పుడు నేనన్న మాట తప్పన్నా, మనసుల పెట్టుకోకు" అన్నాడు.

2014 జూన్‌లో తెలంగాణ వచ్చింది. ఆ రాత్రి అంతయ్య కూడా అందరితో కలిసి గంతులేశాడు. తెల్లారి ఆఫీసుకు పోతే బోర్డు కొత్తది, ఫైలు పాతదే. ఇందిరాదేవి తల అడ్డంగా ఊపింది.

శ్రావణ మాసంలో, పైన రెండు అంతస్తులు ఇంకా కడుతుండగానే, కింది అంతస్తులో సభ పెట్టారు. షామియానా, మైకు, పూల దండలు. దుకాణాల కేటాయింపు పత్రాలు పంచుతారు. దాంతో పాటు గోపయ్య ఇంకో ముచ్చట కలిపాడు. ఉద్యమంలో దుకాణాలు మూసి త్యాగం చేసిన వ్యాపారులకు సన్మానమట. వేదిక మీద ఇందిరాదేవి ఒక్కొక్కరి పేరు చదువుతుంటే, శాలువా కప్పి పత్రం చేతిలో పెడుతున్నారు. చప్పట్లు మోగుతున్నాయి. మల్లికార్జునరావు పేరు కూడా పిలిచారు. "నేను ఉద్యమం ఎప్పుడు చేశానండీ?" అంటూనే ఆయన పత్రం తీసుకొని, కప్పబోయిన శాలువాను బల్ల మీద పెట్టేసి వచ్చాడు. రావడం రావడం వెనక వరసలో నిలబడ్డ అంతయ్య చేతికి ఒక కాగితం ఇచ్చాడు. సర్వే జాబితా నకలు. సమాచార హక్కు కింద రావే దరఖాస్తు పెట్టి తెప్పించాడు.

అంతయ్య వేదిక ముందుకు నడిచాడు. మైకు లేకుండానే చదవడం మొదలుపెట్టాడు.

"బంద్ నాటి సర్వే. ఒకటో నంబరు, తెరిచి ఉంది. రెండో నంబరు, తెరిచి ఉంది. ఏడో నంబరు, గోపయ్య, తెరిచి ఉంది..."

చప్పట్లు ఆగిపోయాయి. గోపయ్య వేదిక మీది నుంచి, "అంతయ్యా, పండుగ పూట లొల్లెందుకు? మనం మనం మాట్లాడుకుందాం" అన్నాడు.

"రెండేండ్ల సంది నీతోనే మాట్లాడుతున్న గోపయ్యా. గిప్పుడు మేడంతోని మాట్లాడుతున్న." అంతయ్య ఇందిరాదేవి వైపు తిరిగాడు. "మేడం, గీ లిస్టు నిజమైతె ఆనాడు వీళ్లెవ్వరు దుకాణం మూయలే. శాలువాలెందుకు? లేదు, శాలువాలే నిజమంటరా, ఆ దినం మూసిన దుకాణం వాడుకల ఉన్నట్టే గద. నాదెందుకు రద్దు జేసిండ్రు? రెండిట్ల ఏదో ఒకటి చెప్పుండ్రి."

ముందు వరసలో కొందరు తల వంచుకున్నారు, కొందరు ముసిముసిగా నవ్వారు. వేదిక మీద గుసగుసలు నడిచాయి. గోపయ్య చప్పున తేరుకున్నాడు. రావు వదిలేసిన శాలువాను బల్ల మీది నుంచి తీసి, మెట్లు దిగి వచ్చి, "మా అంతయ్యన్న అసలైన ఉద్యమకారుడు!" అని అరిచి ఆయన భుజాల మీద కప్పాడు. మళ్లీ చప్పట్లు మోగాయి. ఫొటో కూడా తీశారు.

అంతయ్య ఆ శాలువాను తీసి, నాలుగు మడతలు పెట్టి, ఇందిరాదేవి ముందు పెట్టాడు.

"గిది కప్పుకొని నేను ఏడ కూసోవాలె మేడం?"

ఆమె శాలువాను పక్కకు జరిపింది. చేతిలోని కాగితం సర్దుకొని, మైకు దగ్గరికి జరిగి, తరువాతి పేరు చదివింది.