రెడ్డెప్ప సారు చెప్పులు విడిచే వేళ

కోలాటం కర్రల చప్పుడు ఎక్కడ వినిపించినా నా చూపు ముందు ఆడేవాళ్ళ మీదికి పోదు, చూసేవాళ్ళ కాళ్ళ దగ్గరికి పోతుంది. మొన్న కుప్పంలో బడిపిల్లల పోటీలకు న్యాయనిర్ణేతగా పిలిస్తే వెళ్ళాను. కర్రలు మోగడం మొదలైందో లేదో, కుర్చీ కింద చెప్పులు విడిచేశాను. ఈ అలవాటు నాకు అంటించింది పుంగనూరులో మా హెడ్మాస్టరు రెడ్డెప్ప సారు.

ఆయనంత అనుమానపు మనిషిని నేను చూడలేదు. పిల్లవాడు కడుపునొప్పి అంటే ఈరోజు ఏ పరీక్ష ఉందని అడిగేవారు. పాలు చిక్కగా ఉన్నా దాని వెనక ఏదో ఉంటుందనేవారు. ఆ ప్రైవేటు బడిలో కోలాటం నేర్పే ఉద్యోగానికి నేను మదనపల్లె నుంచి ఇంటర్వ్యూకి వెళ్ళాను. నా సర్టిఫికెట్లను వెలుతురుకు ఎత్తిపట్టి చూసి, ఒకటే అడిగారు.

"మనుషులు యాల ఆడతారమ్మా?"

ఎందుకంటే వ్యాయామం కోసం, ఏకాగ్రత కోసం, సంస్కృతి కోసం అంటూ చదివిందంతా అప్పజెప్పాను. "అవన్నీ ఆడించేవోళ్ళు చెప్పే మాటలు" అన్నారు. అయినా ఉద్యోగమిచ్చారు. ఎందుకిచ్చారా అని నాకు ఆ రోజే అనుమానం పట్టుకుంది. అప్పట్లో మా ఇంట్లోకి నెలనెలా వచ్చే జీతం నాదొక్కటే.

సాయంత్రం క్లాసు మొదలవగానే ఆయన మైదానం చివర కుర్చీ వేయించుకునేవారు. చెప్పులు విడిచి, పాదాలు మట్టి మీద ఆనించి, మొహం ముడుచుకుని రెప్పవేయకుండా చూసేవారు. అయిపోగానే ఇంకోసారి ఆడించమనేవారు. తప్పెక్కడుందని అడిగితే మళ్ళీ మైదానం వైపు తిరిగేవారు. నేను అడుగులు మార్చాను, పాటలు మార్చాను, పిల్లల రిబ్బన్లు కూడా సరిచూసేదాన్ని. మళ్ళీ అదే మాట. ఉద్యోగంలోంచి తీసేసే ముందు సారు ఇలాగే కనిపెట్టి చూస్తారని లెక్కల టీచరమ్మ చెప్పి పుణ్యం కట్టుకుంది.

ఒకరోజు తుంపర పడుతుంటే పాట ఆపేశాను. పిల్లలు ఆపలేదు. పాట లేదు, లెక్క చెప్పే నా గొంతు లేదు, తడిసిన కర్రలు మొద్దుగా మోగుతున్నాయి, వాళ్ళు నవ్వుతూ తిరుగుతూనే ఉన్నారు. అదిలించబోయి సారు వైపు చూశాను. గొడుగు చేతిలోనే ఉంది, తెరవలేదు. కాలి బొటనవేలు మట్టిలో తాళం వేస్తోంది. అది కూడా నాకు కోపంగానే కనిపించింది.

ఆ ఏడాది చివర్లో కొందరు తల్లిదండ్రులు బడి నడిపే కరస్పాండెంటు దగ్గరికి వచ్చారు. ఆటల వల్ల చదువులు పాడవుతున్నాయి, ఆ క్లాసు తీసేయమన్నారు. నన్నూ పిలిపించారు. రోజూ చూసేది మీరే కదా, ఏమంటారని రెడ్డెప్ప సారును అడిగారు కరస్పాండెంటు. నా పని అయిపోయిందనుకున్నాను.

"నేను తప్పులు పట్టేదానికి కూసోలేదప్పా" అన్నారు సారు, బల్ల వైపు చూస్తూ. "పొద్దన్నుంచి అందర్నీ అనుమానంగా సూసి సూసి అలిసిపోతాండాను. ఆ పిలకాయలు ఆడతాంటే, ఆ అరగంట నాకు ఎవురి మీదా అనుమానం రాదు. యాలనో నాకు తెలీదు. తీసేయాకండి."

ఆయన మొహం దొంగతనం బయటపడ్డ మనిషి మొహంలా ఉంది. పదో తరగతికి మాత్రం మాన్పించి, మిగతావాళ్ళకు క్లాసు ఉంచారు. నా ఉద్యోగం నిలిచింది. మర్నాడు సారు కుర్చీ ఇంకొంచెం దూరంగా వేయించుకున్నారు. ఆయన రిటైరయ్యేదాకా ఆ సంగతి మేమిద్దరం ఎత్తలేదు. ఆయనంటే భయం పోయి ప్రేమ కలిగిందని చెప్పాలని ఉండేది, చెప్పలేకపోయాను.

మనుషులు ఎందుకు ఆడతారో నాకింకా తెలీదు. బహుమతి కోసం ఆడేవాళ్ళున్నారు, ఫోనులో పెట్టడానికి ఆడేవాళ్ళున్నారు. అందర్నీ అనుమానంగానే చూస్తాను. ఆ జబ్బూ సారు దగ్గర అంటుకున్నదే. తుంపరలో ఆగని ఆ పిల్లలు గుర్తొస్తే మాత్రం అనుమానించడానికి ఏమీ దొరకదు.

కుప్పంలో ఆఖరి జట్టు ఆడి ఆగింది. వాళ్ళకు నేర్పిన టీచరు ఇంకా చిన్న వయసు అమ్మాయి, నా మొహమే చూస్తోంది. ఇంకోసారి ఆడించమ్మా అన్నాను. ఆ పిల్ల మొహం పాలిపోయింది.

"యాడ తప్పుండాది మేడమ్?"

"తప్పేం లేదు. బాగుంది, అందుకే."

ఆ అమ్మాయి నమ్మినట్టు లేదు.