ఉర్లగడ్డకూ దూడకూ పొత్తు

మా చిన్నప్పుడు దూడకు బేదులు పట్టుకుంటే ముందు పొయ్యి మీదకు రాగి గంజి ఎక్కేది... ఆ తర్వాతే డాక్టరు సంగతి.

పుంగనూరు నుంచి సోమలకు పోయే దారిలో మాది చిన్న పల్లె. తొంభైల నాటి మాట. పక్కింటి రెడ్డెమ్మత్త ఒక సాయంత్రం పలుచటి గంజిలో బెల్లం కరిగించి, చిటికెడు ఉప్పు వేసి, వెదురు గొట్టంలోకి వంచుతోంది. బేదులతో నీరసించిన పది రోజుల పెయ్యదూడ ఆమె ఒడిలో తల వాల్చేసి ఉంది.

ఆమెకు మగదిక్కు లేదు. ఉన్నది ఒక్క ఆవు. పాలకేంద్రానికి పోసే ఆ పాలతోనే ఇల్లు గడిచేది. దూడ కళ్ళెదుట లేకపోతే ఆ ఆవు పాలు చేపదు... అంటే పొదుగులోకి పాలు దించదు. కాబట్టి ఆ ఒడిలో ఉన్నది దూడ ఒక్కటే కాదు.

నేను తొమ్మిదో తరగతి. ఆ రోజే బడిలో సైన్సు సారు ఉర్లగడ్డ... అంటే బంగాళాదుంప... ముక్కల్ని చిక్కటి ఉప్పునీళ్ళలో వేసి చూపించారు. గట్టిగా ఉన్న ముక్క సాయంత్రానికి వడలిపోయింది. కణం చుట్టూ ఉండే పలుచని పొర గుండా లోపలి నీళ్ళు ఉప్పు ఎక్కువగా ఉన్నవైపు వెళ్ళిపోతాయని చెప్పారు. ఆ ఒక్క ముక్కతో లోకమంతా అర్థమైపోయిందనుకున్నాను.

"ఏందత్తా ఇది? పారతాండే దూడకు ఉప్పా?" అన్నాను.

"యాల పాపా? మా అవ్వ కాలం నుంచి ఇస్తాండేదే గదా."

"ఉప్పు ఒంట్లో నీళ్ళన్నీ లాగేస్తాది. బెల్లమూ అంతే. ఉర్లగడ్డ ఎట్ల వాడిపోయిందో మా సారు సూపించినాడు."

అత్త నవ్వింది. "ఉర్లగడ్డకూ దూడకూ యాడ పొత్తే?"

"యాడైనా కణాలే గదత్తా!" అన్నాను, విసుగ్గా.

ఆమె నవ్వు ఆపి, గొట్టం వంక చూసింది. "సదువుకున్నదానివి. నీకు తెలీకుండా ఉంటాదా..." అంటూ ఆ గంజిని కుడితి తొట్టిలో పారబోసింది. మళ్ళీ ఉత్త గంజి కాచింది.

మూడో రోజు దూడ చనిపోయింది.

దాని తోలులో గడ్డి కూరి ఆవు ముందు నిలబెట్టారు. ఆవు ఒకసారి వాసన చూసింది... ముఖం తిప్పుకుంది. పాలు చేపలేదు. కొన్నాళ్ళకు దాన్ని పుంగనూరు సంతకు తోలుకుపోయారు. అత్త నన్ను ఒక్క మాట అనలేదు. అనడానికి ఆమెకు కారణమే కనిపించలేదు.

మదనపల్లెలో డిగ్రీ చదివేటప్పుడు ఒక పాఠం మధ్యలో నా పెన్ను ఆగిపోయింది. పేగు గోడలోని కణాల పొరకు ఒక ప్రత్యేకమైన తలుపు ఉంటుంది. దాని గుండా ఉప్పు, చక్కెర జంటగానే లోపలికి పోతాయి. వాటి వెంట నీళ్ళూ పోతాయి. చిక్కటి ఉప్పునీళ్ళు ఉర్లగడ్డను వాడ్చేస్తాయన్నది నిజమే. బేదుల్లో తగు కొలతగా కలిపిన ఉప్పూ బెల్లమూ ఒంటికి నీళ్ళు అందిస్తాయన్నదీ నిజమే. అత్త గంజిలో ఆ జంట ఉంది... నేనే పారబోయించాను.

ఆ తర్వాత సెలవులకు ఊరికి వెళ్ళినప్పుడల్లా ఆమె పెట్టిన సంగటి తిన్నాను. చెప్పలేదు. "మా పాప పెద్ద సదువు సదవతాండాది" అని ఆమె నలుగురిలో అంటూ ఉంటే తల వంచుకుని తిన్నాను.

అలా ఆరేళ్ళు గడిచాయి. ఉద్యోగం కోసం కుప్పం వచ్చాను. అప్పటికి అత్త అక్కడే కూతురి ఇంట్లో ఉంటోంది. చూడటానికి వెళ్తే, రెండేళ్ళ మనవరాలు బేదులతో సొమ్మసిల్లి ఉంది. అత్త గంజి పడుతోంది.

"గంజిలో ఏమేసినావత్తా?"

"ఉత్త గంజే పాపా. నువ్వు సెప్పినావు గదా, ఉప్పు ఎయ్యకూడదని. ఈ వీదిలో అందరికీ నేనే సెప్పినా."

ఈ వీధిలో అందరికీ...

మందుల షాపుకు పరిగెత్తి ఓఆర్ఎస్ పొడి తెచ్చి, కాచి చల్లార్చిన నీళ్ళలో కలిపి, దారి పొడుగునా చెంచాతో పడుతూ బిడ్డను ఆసుపత్రికి తీసుకెళ్ళాం. రెండు రోజులకు బిడ్డ తేరుకుంది. అప్పుడు చెప్పాను, మొత్తం.

"అంటే... మన దూడ?"

"దానివల్లే పోయిందని ఇప్పుడు చెప్పలేనత్తా. కానీ నువ్విచ్చింది మందే. నేను ఆపించినాను."

"నీకెప్పుడు తెలిసె?"

"మదనపల్లెలో సదివేటప్పుడే."

ఆమె బిడ్డ మీద దుప్పటి సర్దింది. "అన్ని దినాలూ నా సేతి సంగటి తిన్నావు గదే పాపా..." అంది. అంతే.

మరునాడు పొద్దున ఆ వీధిలో గడప గడపకూ వెళ్ళింది. నేను వెనకాలే నిలబడ్డాను. "బిడ్డలకు బేదులైతే గంజిలో చిటికెడు ఉప్పు, రవ్వంత బెల్లం ఎయ్యండమ్మా. ముందు నేనే తప్పు సెప్పినా" అంది ప్రతి ఇంట్లోనూ. నేనే... అంది. ఒక్క గడపలోనూ నా పేరు ఎత్తలేదు. నేనూ నోరు తెరవలేదు.

ఇప్పుడు ఆ ఓఆర్ఎస్ పొడి ప్రతి షాపులోనూ దొరుకుతోంది. గంజి కాచే చేతులు తగ్గిపోయాయి... వాటిని సందేహించే మనలాంటి చదువరులు పెరిగాం. మీ ఇళ్ళలో ఎవరి మాటనైనా ఇలా సగం చదువుతో కొట్టిపారేసి, తర్వాత తెలిసీ చెప్పకుండా ఉండిపోయారా? ఉంటే ఇక్కడ రాయండి... వాళ్ళు ఇంకా ఉంటే మాత్రం, ముందు వాళ్ళకు చెప్పి రండి.